కొసరుగా వచ్చిన చేప

ధనరాజు గురించి చెప్పాలంటే ముందు నా కొసరు పిచ్చి గురించి చెప్పుకోవాలి. వంకాయలు కొన్నా, జాకెట్టు గుడ్డ కొన్నా చివర్న “కొసరేదీ?” అనకపోతే నాకు కొన్నట్టే ఉండదు. ముప్పై నాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను గానీ, ఆ గుణం మాత్రం రిటైరవలేదు.

ధనరాజు ఆరో తరగతిలో నా దగ్గరే చదివాడు. గార ఊరి దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె వాళ్లది. తండ్రి వేటకెళ్లేవాడు. వీడేమో వలలో పడ్డ చిన్న చేపల్ని బకెట్లో వేసి బతికించాలని చూసి దెబ్బలు తినేవాడు. పెద్దయ్యాక విశాఖలో అక్వేరియం కొట్లో ఆరేళ్లు పనిచేసి, శ్రీకాకుళంలో సొంత కొట్టు పెట్టుకున్నాడు. అందులో అన్నీ మంచినీటి చేపలే. ఒక్క తొట్టిలో మాత్రం ఉప్పునీళ్లు, ఆ నీళ్లలో నారింజరంగు మీద తెల్లపట్టీలున్న క్లౌన్ చేపల జంట. హేచరీలో పుట్టినవాటిని గోరంత ఉన్నప్పుడు తెచ్చి నాలుగేళ్లు పెంచాడు. ఎవరెంత అడిగినా అమ్మలేదు.

కిందటేడు కొట్టు చిన్న గదిలోకి మార్చాల్సొచ్చింది. ఆ తొట్టికి చోటు లేదు. మా ఇంటికొచ్చాడు.

“టీచరమ్మా, మీకు ఓపికున్నాది. ఈ జంటని మీరు సాకాల. ఇంకెవరి సేతిలో పెట్టినా నాకు నిద్ర పట్టదు.”

“చేపలు తినని ఇంట్లో చేపలేవిటోయ్?” అన్నారు మా ఆయన కూర్మనాథం గారు. “వీధిలోవాళ్లు మనం మారిపోయామనుకుంటారు!”

నేను మాత్రం ఎగిరి గంతేశాను. రెండడుగుల గాజుతొట్టి, ఉప్పు కలిపిన నీళ్లు, రాళ్లు. వెంటనే చేపల్ని వదలనివ్వలేదు ధనరాజు. నీళ్లు కుదురుకోవాలని నెల్లాళ్లు ఖాళీ తొట్టి ముందు కూర్చోబెట్టాడు. తర్వాత మెత్తటి పగడాలు రెండు తెచ్చాడు. ఒకటి పుట్టగొడుగులా ఉంటుంది, ఇంకోటి పచ్చగడ్డిలా ఊగుతుంది.

“రాతి పగడాలు నేను ముట్టనమ్మా. సముద్రంలోంచి పీకడం నేరం. ఇవి తొట్లో పెంచినవి. రెండిటి మధ్యన జానెడు సోటుండాల. దగ్గరైతే కుట్టుకుంటాయి, తోటికోడళ్ల లాగ.”

అడుగున ఇసక తవ్వుకునే చిన్న గోబీ చేప ఒకటి. మధ్యలో తిరిగే జంట దాని జోలికి పోదట. “ఇంతే. ఈ తొట్టికి ఇంకొక్కటి కూడా ఎక్కువే,” అన్నాడు.

జంటని తెచ్చుకోవడానికి కొట్టుకి నేనే వెళ్లాను. అక్కడ ఒక గిన్నెలో బొటనవేలంత నల్లచేప కనిపించింది. నుదుట గుండ్రటి తెల్లచుక్క, అచ్చం బొట్టు పెట్టుకున్నట్టు! అదీ ఉప్పునీటి చేపే, ఎవరో విశాఖ వాళ్లు తెప్పించమన్నారట.

“ఒరే, కొసరు కింద ఇదిచ్చెయ్యరా.”

“ఓలమ్మో, అది డామినో! ఇప్పుడు పిల్ల గాని, పెరిగితే రౌడీ టీచరమ్మా. సిన్న తొట్లో ఎవుల్నీ బతకనివ్వదు.”

“బొట్టు పెట్టుకున్న చేప రౌడీ ఏవిట్రా! కొసరు లేకుండా నా చెయ్యి సంచీ ఎత్తదు.”

మూడుసార్లు వద్దన్నాడు. నాలుగోసారి, చిన్నప్పుడు నా బెత్తం ముందు నిలబడ్డట్టే తల దించుకున్నాడు. “సరే. కొరకడం కనిపిస్తే ఆ పూటే ఫోన్ సెయ్యండి. పట్టుకుపోతాను.”

రెండు నెలలు బాగానే గడిచాయి. డామినో పెరిగింది. ఒకరోజు జంటలో చిన్నది, అంటే మగది, తోక చివర చిరిగి కనిపించింది.

“ఆ నల్లది తరుముతోందే. ధనరాజుకి చెప్పు,” అన్నారు మా ఆయన.

“తరమడం కాదండీ, ఆడుకుంటున్నాయి!”

నాకు తెలుసు, అది ఆట కాదు. బడంతా నేను చెప్పిందే వేదం అన్నట్టు బతికినదాన్ని, నా శిష్యుడి ముందు తప్పొప్పుకోవాలంటే నోరు రాలేదు. పద్దెనిమిది రోజులు ఫోన్ చెయ్యలేదు. తోక కాస్త మానేది, మళ్లీ చిరిగేది. చివరికా మగచేప నీళ్లు తిప్పే మోటారు వెనక మూలకి చేరి, మేతకి కూడా బయటకి రావడం మానేసింది. పంతొమ్మిదో రోజు పొద్దున్న ఇసక మీద పడి ఉంది. ఆడచేప దాని చుట్టూ తిరుగుతోంది.

నేను ఫోన్ చేస్తే ధనరాజు బండి మీద బకెట్టుతో వచ్చాడు. చచ్చిన చేపని అరచేతిలో పెట్టుకుని వెలుతురుకి తిప్పి చూశాడు.

“ఎన్నాళ్ల నుంచి తరుముతున్నాది టీచరమ్మా?”

“నిన్నట్నించేరా.”

మానిన చోటే మళ్లీ చిరిగిన ఆ తోకని వేలితో తడిమి చూశాడు. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు.

రాళ్లు తీసి పక్కన పెట్టి, ఆడచేపనీ గోబీనీ జాగ్రత్తగా బకెట్లోకి దించాడు. మళ్లీ రాళ్లు సర్ది, పగడాల మధ్య జానెడు చోటు కొలిచి చూశాడు.

“మరి ఈ నల్లదిరా?” అన్నాను.

“అది మీరు అడిగిందే కదమ్మా. మీ కాడే ఉండనీండి.” గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆడచేపకి మళ్లీ జత కుదిరిందో లేదో నాకు తెలియదు. ధనరాజు రోడ్డు మీద కనిపిస్తే ఇప్పటికీ బండి ఆపి, “బాగున్నారా టీచరమ్మా?” అంటాడు. చేపల మాట ఎత్తడు. పద్దెనిమిది రోజులని చెప్దామని ప్రతిసారీ నోరు తెరుస్తాను, “ఎండలు మండుతున్నాయి కదరా,” అంటాను.

డామినో ఇప్పుడు అరచెయ్యంత అయింది. బొట్టు చెరిగిపోయింది. మేత డబ్బా మూత చప్పుడు వింటే చాలు, అద్దం దగ్గరికొచ్చి నా వేలి కోసం చూస్తుంది.