బురద మడిలో వెతికిన మా మేనత్త

పోయిన మంగళవారం పొద్దున మా మేనత్త దవాఖానలో కన్నుమూసింది. నేను ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్‌ల వరుసలో నా వంతు కోసం చూస్తున్నాను. చెల్లెలు ఫోన్ చేసి, "అన్నా, అత్త ఇగ లేదు" అంది. వరుసలోంచి బండి తీసి ఊరికి వచ్చేశాను. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో చాలామందికి ఆమె 'మిషన్ అత్త'. పోగొట్టుకున్న నగలు వెతికిపెట్టే ఆడమనిషిగానే తెలుసు. నేలలో, నీళ్లలో లోహాన్ని పట్టే ఆ మిషన్ ఆమె చేతికి ఎట్లా వచ్చిందో తెలిసినవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

మేనత్త చాలా ఏళ్లు ఒక గోదాము గేటు దగ్గర ఉద్యోగం చేసింది. పని ముగించుకుని బయటికి వచ్చే ఆడవాళ్లను చేతి డిటెక్టర్‌తో తనిఖీ చేసేది. "జర చేతులు చాపు తల్లీ" అనకుండా ఎవరినీ ముట్టుకునేది కాదు. డిటెక్టర్ మోగితే ఆ మనిషిని తెర చాటుకు తీసుకుపోయి అడిగేదే తప్ప పదిమందిలో నిలబెట్టేది కాదు. "వస్తువును వెతకాలె గానీ మనిషిని అనుమానించొద్దు" అనేది.

ఆ ఉద్యోగంలో ఉండగానే పక్కింటి కోడలి పుస్తెలు పోయాయి. మడిలో నాటు వేస్తుంటే తాడు ఎప్పుడు తెగిందో ఆ పిల్లకు తెలియలేదు. ఇంటికొచ్చి స్నానానికి పోయినప్పుడు చూసుకుంది. "పుట్టింటోళ్లకు ఇచ్చి, పోయిందని చెప్తున్నది" అని ఆ పిల్ల అత్తగారు వాకిట్లో నిలబడి వాడంతా వినేటట్టు అంది. ఆ పిల్ల పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని మర్నాడు మళ్లీ నాటుకు పోయింది. ఆ తర్వాత ఆమె నవ్వగా ఎవరూ చూడలేదు.

మా మేనత్తకు అది మనసులో పడిపోయింది. గోదాములో డ్యూటీ దిగే ముందు ఒక రూపాయి బిళ్లను తడిమట్టిలో జానెడు లోతున పెట్టి, పైన చేతి డిటెక్టర్ తిప్పి చూసిందట. అది మోగలేదు. ఆ ఏడు వరికోతలు కాకముందే ఉద్యోగం మానేసి, అక్కడ వచ్చిన డబ్బుతో మడిలో వెతికే మిషన్ కొందామని నాకు ఫోన్ చేసింది. "అల్లుడా, రేపు బండి కిరాయికి పెట్టకు. మనం పట్నం పోవాలె."

తెల్లారి వెళ్లేసరికి రెండు సంచులతో సిద్ధంగా ఉంది. ఒకదాంట్లో మెట్టచెల్క ఎర్రమట్టి, ఇంకోదాంట్లో మడి బురద. "గివి ఏందత్తా?" అంటే, "మిషన్‌కు మన నేల చూపెట్టాలె" అంది.

ఆరాంఘర్ దాటి, ట్రాఫిక్‌లో పడి, డిటెక్టర్లు అమ్మే దుకాణం చేరేసరికి పదకొండయింది. అక్కడ పనివాళ్లు సంచులు చూసి నవ్వుకున్నారు. యజమాని మాత్రం కుర్చీ వేసి, పొడవాటి కడ్డీకి కింద చక్రం, పైన డబ్బా ఉన్న ఒక పెద్ద మిషన్ చూపించాడు. "అమ్మా, దీనికి లోతు ఎక్కువ. అందరూ ఇదే తీసుకుంటరు."

"నీళ్లల్ల ముంచొచ్చా?"

"కింద చక్రం ముంచొచ్చు. పైన డబ్బా తడవద్దు."

"బురదల కాలు జారితె?"

అతను ఆ మిషన్‌ను పక్కకు జరిపాడు.

"మా మడి ఒట్టి నేలా కాదు, చెరువూ కాదు. రెండిట్ల పనిచేసేది చూపెట్టు" అంది అత్త.

అప్పుడతను లోపలినుంచి మొత్తం నీళ్లలో మునిగినా పాడుకాని మిషన్ ఒకటి తెచ్చాడు. అత్త ఎర్రమట్టి కుప్పపోసి దానిమీద తిప్పింది. మట్టిలో ఏమీ లేకపోయినా అది కుయ్యోమని మోగుతూనే ఉంది. మట్టిలోని ఇనుమును చూసి అట్లా మోగుతుందని యజమాని చెప్పి, ఒక మీట నొక్కి చక్రాన్ని నాలుగుసార్లు పైకీ కిందికీ ఆడించాడు. మోత ఆగింది. అత్త ఆ పని తానే ఐదుసార్లు చేసింది. తర్వాత బకెట్ అడిగి, అందులో బురద పోసి, తన వేలి ఉంగరం అడుగున పెట్టి, పైన నీళ్లు నింపింది. మిషన్ ఉంగరాన్ని పట్టింది. పెద్ద చక్రం తీసుకొమ్మని పనివాళ్లలో ఒకతను చెబితే వద్దంది. "పెద్దది నీళ్లల్ల తిప్పితె చెయ్యి పోతది. వరి కొయ్యకాళ్ల నడుమ దూరది. చిన్నదియ్యి."

నవ్వినవాళ్లే మిషన్ కారు దాకా మోసుకొచ్చారు. "మీ లెక్క మట్టి తెచ్చి చూసినోళ్లు ఇంతవరకు రాలె" అన్నాడు యజమాని. ఆ రోజు స్టీరింగ్ పట్టుకుని నేను ఎంత గర్వపడ్డానో అత్తతో ఎప్పుడూ చెప్పలేదు.

కోతలయ్యాక మూడు రోజులు మడంతా జానెడు జానెడు వెతికింది. ట్రాక్టర్ బోల్టులు, మేకులు, సీసా మూతలు దొరికాయి. నాలుగో రోజు మడి మధ్యలో కూర్చుని పక్కింటి కోడలిని పిలిచింది. "ఆ దినం నాటు అయినంక ఎటు పోయినవు, బిడ్డా?" కాలువలో కాళ్లు కడుక్కున్నానని చెప్పిందామె. అత్త చీర ఎగ్గట్టి మోకాలి లోతు నీళ్లలో దిగింది. మధ్యాహ్నం దాటాక, రెండు రాళ్ల సందున, మురిగిన దారం ముక్కతో సహా రెండు పుస్తెలూ దొరికాయి.

అత్త వాటిని ఆ పిల్లకు ఇవ్వలేదు. తిన్నగా పక్కింటి వాకిట్లోకి పోయి ఆ పిల్ల అత్తగారి చేతిలో పెట్టింది. "వదినా, నీ నోటితోని అన్నవు. నీ చేతులతోనే కట్టు." ఆమె పుస్తెలను కొంగుతో తుడిచింది. తర్వాత లోపలికి పోయి పసుపుతాడు తెచ్చింది. ముడి వేస్తూ, "తప్పయింది బిడ్డా" అంది.

అక్కడినుంచి అత్తకు ఊరూరా పిలుపులే. పాత కోట గోడల దగ్గర నిధులు వెతకమని కారేసుకుని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. "పోగొట్టుకున్నోళ్లు ఉంటె చెప్పండి, వస్త" అని వాళ్లను పంపేసింది. మోకాళ్లు సహకరించనప్పుడు పక్కింటి కోడలిని వెంట తీసుకుపోవడం మొదలుపెట్టింది. పోయిన ఏడు మిషన్ ఆమెకే ఇచ్చేసింది.

దినాలు కాకముందే అత్త ఫోన్ మోగింది. నేను ఎత్తాను. కొత్తూరు వైపు నుంచి ఎవరో ఆడమనిషి. కుంటలో బట్టలు ఉతుకుతుంటే ముక్కుపుడక జారిందట, మిషన్ అత్త కావాలట. నేను చెప్పలేక ఫోన్ పక్కింటి కోడలికి ఇచ్చాను. ఆమె విని, "వస్తున్న అక్కా" అంది.

నా క్యాబ్‌లోనే తీసుకుపోయాను. ఒడ్డున నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఆమె కొంగు బిగించి నీళ్లలోకి దిగింది. తొందరలేదు. చక్రాన్ని అడుగుకు ఆనించి, ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకు తిప్పుతూ ఒక్కో అడుగే వేసింది. ఒకచోట ఆగింది. మళ్లీ అక్కడే తిప్పింది. మిషన్‌ను భుజానికి ఆనించుకుని వంగి, చెయ్యి మోచేతి దాకా నీళ్లలో పెట్టి, గుప్పెడు బురద పైకి తీసింది. నీళ్లలో కడిగితే అరచేతిలో ముక్కుపుడక మెరిసింది.