లోపంటే ఎన్ని పళ్ళు?

మా ఆయన ఓబుళేశుకు 'కంటే' అనకుండా మాట రాదు. మా బాయి పక్కోళ్ళ బాయి కంటే లోతు. వాళ్ళమ్మ సంగటి నా సంగటి కంటే మెత్తన. పెండ్లయి ఇరవై ఏండ్లాయె, నేను ఎవరికంటేనో తక్కువ గాకుండా ఒక్క దినం గడవల్యా.

ఆలూరు పక్కన మా ఊర్లో తిరనాళ్ళకు ఎద్దులతో బండ లాగిస్తారు. చిన్న గిత్తలకు చిన్న బండ, పెద్దవాటికి పెద్ద బండ. పాలపళ్ళు పోయి గట్టి పళ్ళు ఎన్నొచ్చినాయో చూసి వయసు చెప్తారు. చూసే పెద్దమనిషి మా ఆయనే. ఈ తూరి చిన్న బండకు "నాలుగు పళ్ళ లోపు" అని కాగితం రాసిందీ ఆయనే.

"లోపంటే నాలుగుండచ్చునా అప్పా?" అనడిగినాడు నరసింహ. కిందటేడు మొదటి బహుమతి నరసింహ గిత్తల జతదే. దానికిప్పుడు సరిగ్గా నాలుగు పళ్ళు.

"లోపంటే తక్కువప్పా! నాలుగుంటే బయటికే," అని మా ఆయన మీసం దువ్వినాడు. ఎందుకు దువ్వడు? నరసింహ లేకుంటే మా జతే మొదటిది. మూడేండ్లుగా వాటికి ఉలవలు, కోడిగుడ్లు. నాకేమో నీళ్ళ మజ్జిగ!

పోటీనాడు అందరి గిత్తల నోళ్ళూ చూసుకుంటా మాదాని కాడికొచ్చి, "దీనికి రెండే, చూసే పన్లేదు," అన్నాడు.

"ఊరికే చూడప్పా," అన్నాడు నరసింహ.

మా ఆయన గిత్త పెదవెత్తి బొటనవేలితో తడిమినాడు. మల్లా తడిమినాడు. నేను తల వంచుకున్నా. ఎంత తిట్టుకున్నా ఆ జతంటే నాకూ పాణం. రెండని చెప్పినా ఊరంతా నమ్ముతుంది, పళ్ళ కాడ ఆయన మాటకు ఎదురులేదు.

"నాలుగు," అన్నాడు. మా పేరు ఆయనే కొట్టేసినాడు.

నరసింహ నవ్వల్యా. "లోపంటే నాలుగు గూడా అనుకుందాంలేప్పా. ఇద్దరమూ లాగిద్దాం."

"తక్కువంటే తక్కువే," అని మా ఆయన గిత్తల్ని తోలుకొచ్చేసినాడు.

ఇంటికాడ ఉలవలు పెడతా, "ఊర్లో నోళ్ళన్నీ చూస్తి గానీ, మూడేండ్లు మేపిన ఈ నోట్లోకి చూడల్యా. నాకంటే ఎర్రోడు యాడన్నా ఉండాడా?" అన్నాడు. ఇరవై ఏండ్లలో ఆయన తనను తక్కువ జేసుకుంది అదే మొదటి తూరి. నాకు ఏడుపొచ్చింది.

"నేనుండా గదయ్యా," అన్నా. "ఆ పళ్ళు వారం కిందటే చూసినా. నీకు చెప్పల్యా."