ఇంగ్లీషు రాని సుభానీ మాస్టారు

సుభానీ మాస్టారి చేతికి కంప్యూటరు చిక్కితే చాలు, దాని చేత తెలుగు మాట్లాడించందే వదలరు. నరసరావుపేటలో మా కాలేజీ ల్యాబులో ఆయనా నేనూ పాఠాలు చెబుతాం. నల్లటి తెర మీద ఏ కమాండు ఎలా వాడాలో తెలియకపోతే హెల్పు పేజీ తెరుస్తాం కదా, అది అందరికీ ఇంగ్లీషులో వస్తుంది. మా ల్యాబులో మాత్రం తెలుగులో వస్తుంది. భాష సెట్టింగు మార్చి, తెలుగులో లేని పేజీలన్నీ ఆయనే కూర్చుని రాశారు.

రాయడమంటే మామూలుగానా! ఫైలు చెరిపేసే కమాండుకి ఆయన రాసింది ఇదీ: "ఇది కొడితే ఫైలు పోద్ది. ఏడ్చినా రాదు. మంచినీళ్లు తాగొచ్చి అప్పుడు కొట్టు." పిల్లలు నిజంగానే లేచి వెళతారు. క్లాసులో సగం మంది ఎప్పుడూ నీళ్ల కుండ దగ్గరే ఉంటారు.

మొదటిసారి సెట్టింగు మార్చగానే తెర నిండా అక్షరాల బదులు గళ్లు వచ్చాయి.

"తెలుగు రాలా మాస్టారూ, డబ్బాలొచ్చినయ్" అన్నాను.

"తెలుగు ఆ డబ్బాల్లోనే ఉంది. మూత తియ్యాల, అంతే" అంటూ మాస్టారు తెలుగు అక్షరాల ఫాంటు ఎక్కించారు.

ఎందుకండీ ఈ పట్టు అంటే ఒకటే జవాబు, అదీ క్లాసంతా వినేలా. "నాకు ఇంగ్లీషు రాదయ్యా!"

ప్రిన్సిపాల్ నాగభూషణరావు గారు తల పట్టుకుంటారు. "మాస్టారూ, ఆ మాట బయట అనమాకండి. వచ్చే ఏడు ఒక్కడూ చేరడు."

"రానిది రాదనే గదండీ చెప్పాల!"

ఈ ఏడు రొంపిచెర్ల నుంచి నాగవేణి చేరింది. చానా తెలివైన పిల్ల, ఇంటరు దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు పుస్తకం చదవమంటే తడబడింది, వెనక బెంచీ నవ్వింది. మర్నాడు టీసీ అడగడానికి వచ్చింది.

"ఇంగ్లీషు రాకపోతే ఈ చదువు రాదంట సార్. మానేస్తా."

నాకు ప్రాణం ఉసూరుమంది. మాస్టారు మాత్రం తాపీగా, "నాకూ రాదుగా తల్లీ. నాకు జీతం ఇవ్వట్లా?" అన్నారు.

ఆ పిల్ల ఫక్కున నవ్వి, వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుంది.

వారం తిరక్కుండానే స్టాఫ్ రూములో ఆయన ఫోనులో ఎవరితోనో ఇంగ్లీషులో దంచేస్తూ నాకు దొరికిపోయారు.

"ఇదేంది మాస్టారూ! ఇంత బాగా వచ్చి..."

"మెల్లగా అనవయ్యా!" తలుపు వైపు చూశారు. "నాకొచ్చని తెలిస్తే ఆ పిల్ల మళ్లా టీసీ అడుగుద్ది."

నాకు ఆయన్ని కావలించుకోవాలనిపించింది. ఈలోగా నాగవేణే లోపలికి వచ్చింది.

"సార్, డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషు హెల్పు పేజీ ఒకటి మొత్తం చదివా. భయపడాల్సిందేం లేదు సార్, మీక్కూడా వచ్చుద్ది. నేను చెప్తా, కూర్చోండి."

మాస్టారు బుద్ధిగా కూర్చున్నారు.

"మెల్లగా చెప్పమ్మా, నాకు తొందరగా ఎక్కదు" అన్నారు.