లాభం, రెండు, మూడు

నేను బడిలో చదివింది తక్కువ. ఎక్కాలు, భిన్నాలు, వడ్డీ లెక్కలు అన్నీ జగ్గయ్యపేట వేరుశెనగ కొట్లలో కూర్చుని నాకు నేనే నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి ఒక జబ్బుంటుంది. ఎదుటివాళ్ళకి నేర్పకుండా ఉండలేడు. పెద్దవాళ్ళు నన్ను చూసి పక్క వీధిలోకి తప్పుకునేవారు. మా అమ్మాయికి ఐదేళ్ళు, ఎక్కడికీ తప్పుకోలేదు.

స్వరాజ్యం వచ్చిన కొత్తలు. సరుకులకి వెళ్ళినప్పుడల్లా దాన్ని వెంట తీసుకుపోయేవాణ్ణి. పలక మీద అంకెలు దిద్దితే లెక్కలు రావని, గింజలు చేత్తో కొలిస్తేనే వస్తాయని నా నమ్మకం. కొట్లో దాని చేతికి సోల ఇచ్చి పరీక్ష మొదలుపెట్టేవాణ్ణి.

"రెండు సోలలు?"

"తవ్వ."

"రెండు తవ్వలు?"

"మానిక."

వెనక నిలబడ్డవాళ్ళు నాకు కనిపించేవాళ్ళు కాదు. ఒకరోజు ఒక ముసలావిడ, "గుమాస్తాగారూ, మీ పిల్లకి పెళ్ళీడు వచ్చేలోపు నాకో సోలెడు పెసరపప్పు ఇప్పిస్తారా?" అంది. కొట్టు శెట్టిగారు నవ్వాపుకుంటూ కొలిచారు. నేను ఆవిడ పప్పు మీద కూడా మా పిల్లకో ప్రశ్న వేశాను.

ఇంటికొస్తే మా ఆవిడ సంచీ తడిమి, "చింతపండేదండీ?" అంది.

"మర్చిపోయా."

"పాఠం మాత్రం మర్చిపోయుండరు."

మరుసటేడు నందిగామలో ఒక నూనె మిల్లులో నాకు పని కుదిరి కాపురం అక్కడికి మార్చాం. మా బావమరిది ఇల్లు అక్కడే. ఆయన కూతురు ఆడపిల్లల బడిలో రెండో తరగతికి వచ్చింది. మా అమ్మాయికి ఆ వదిన పక్కనే కూర్చోవాలని పట్టు. అసలు బడి గడపే ఎక్కని పిల్లని రెండులో వేసుకోవడం కుదరదని పెద్ద పంతులమ్మగారు అన్నారు.

"అడిగి చూడండి. లెక్కల్లో మా పిల్లకి తిరుగులేదు," అన్నాను. ఈ మాట అంతకుముందే బస్సులో కండక్టరుకి కూడా చెప్పి ఉన్నాను.

ఆవిడ బల్ల మీద చింతగింజలు పోసి, దోసిలి పట్టారు. "పది లెక్కపెట్టి ఇందులో వెయ్యమ్మా."

మా పిల్ల ఒక గింజ వేస్తూ "లాభం" అంది. ఆ లాభాన్ని రాగంలా సాగదీసి, రెండోది చేతికి దొరికాక "రెండు" అంది. మూడు, నాలుగు అంటూ పది దాకా వెళ్ళింది. ఆపైన మరో రెండు గింజలు గబుక్కున వేసి చేతులు దులుపుకుంది.

"ఒకటేదమ్మా?"

"ఒకటి అనకూడదండి. లాభం అనాలి."

"మరి పన్నెండున్నాయే?"

"పదేనండి. ఆ రెండూ కొసరు. కొసరు లెక్కలోకి రాదండి."

కొట్లో మొదటి కొలతని లాభమంటారని, చివర పిడికెడు ఊరికే వేస్తారని నాకు తెలియక కాదు. మా పిల్ల వరసగా లెక్కపెట్టడం విన్నది ఆ కొట్లోనే. మానికలూ సోలలూ నూరిపోసిన నాకు, దానికి మొదటి అంకె వచ్చో రాదో చూడాలని తోచలేదు.

పంతులమ్మగారు నావైపు చూశారు. "మీది వ్యాపారమాండి?"

"కాదండి. లెక్కలు రాస్తా."

"అలాగా," అన్నారు. ఆ తర్వాత మిల్లులో ఎన్ని చివాట్లు తిన్నా అంత గట్టిగా తగల్లేదు.

వాకిట్లోంచి వదిన తొంగి చూస్తోంది. దాన్ని చూసేసరికి మా పిల్ల కళ్ళు నిండాయి. "తప్పు చెప్పానా, నాన్నా?"

"నువ్వు కాదమ్మా," అన్నాను.

పంతులమ్మగారు గింజలు బల్ల మీద పెట్టి, "మూడు మానికలకి ఎన్ని సోలలమ్మా?" అన్నారు.

"పన్నెండండి," అంది ఏడుపు మధ్యలోనే.

ఆవిడ హాజరుపట్టీ దగ్గరికి లాక్కున్నారు. "రెండులోనే వేసుకుంటానండి. కానీ ఒక షరతు. దీనికి లెక్కలు మేం చెబుతాం. మీరు చెప్పొద్దు."

మా పిల్ల ఒప్పుకోమన్నట్టు నా పంచె లాగింది. ఒప్పుకున్నాను. అది పరుగున వెళ్ళి వదిన పక్కన చాప మీద కూలబడింది. నావైపు మళ్ళీ చూడలేదు.

సాయంత్రం తీసుకొస్తుంటే దారిలో ఒక కొట్టాయన మినుములు కొలుస్తున్నాడు. నోటిదాకా వచ్చిన ప్రశ్న మింగేశాను.

"అడగవేం, నాన్నా?"

"మీ పంతులమ్మగారికి మాటిచ్చాగా."

"పోనీలే, నేనడుగుతా. నువ్వు చెప్పు."

ఇంటిదాకా అడుగుతూనే ఉంది. గడప దాటుతూ, నేను రెండు తప్పులు చెప్పానని వాళ్ళమ్మకి చెప్పింది.