వాగును జరిపిన యేడు

నేను మరాఠీ గడ్డ మీది తుకుంలో పుట్టి, మరాఠీ బడిలో చదువుకుని, సాస్తి బొగ్గుగని క్వార్టర్లకు కోడలిగా వెళ్ళాను. బతుకమ్మ పేర్చడం రాదు. ముందు తంగేడు పెట్టాలో గునుగు పెట్టాలో తెలియక తెల్లమొహం వేస్తే, "బళ్ళె లెక్కలు నేర్పిండ్రు గని పూలు నేర్పలే" అని మా అత్త పక్కింటిదాకా వినబడేలా అనేది. నోరు పెద్దది, మనసు వెన్న. ఆ వెన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆమె ప్రాణమంతా క్వార్టర్ల వెనకున్న ఇసుక వాగు మీదే. గని పనికొచ్చిన మామ వెంట దిగిన కొత్తలో ఇక్కడి భాష రాదు, మనుషులు తెలియదు. బట్టలు ఉతికినా, ఎండాకాలం చెలిమె తవ్వి నీళ్ళు ముంచినా, బతుకమ్మను సాగనంపినా ఆ వాగులోనే. "ఆ వాగు లేకుంటే నేను ఎన్నడో మల్ల మా ఊరికి పోదును" అనేది.

అవి దేశానికి కొత్త గాలి తగిలిన రోజులు. ఇంటింటికీ కేబుల్ వైరు, చుట్టూ కొత్త సిమెంటు ఫ్యాక్టరీలు. బొగ్గు ఎంత తవ్వినా చాలడం లేదు. వాగు కింద కూడా బొగ్గుందని తేలింది. ఇంకేం, వాగును పక్కకు మళ్ళిస్తామన్నారు. షామియానా వేసి, చాయ్ పోసి, ఒక ఇంజనీరు పటం మీద నీలిగీత చూపించి మరాఠీలో చెప్పాడు. చుక్క నీళ్ళు తగ్గవట, దారి మాత్రమే మారుతుందట. మా క్వార్టర్ల తెలుగువాళ్ళు ప్రతి మాటకూ ఊ కొట్టారు. ఎవరేం చెప్పినా వింటున్నామని ఊ కొట్టడం మనకు అలవాటు కదా! ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. నేను అత్త చెవిలో తెలుగు చేసి చెప్పేలోపే చప్పట్లు కొట్టి పటం చుట్టేశారు.

అత్త అగ్గిమీద గుగ్గిలమైంది. "వాగును జరుపుడేందే? అదేమన్న మంచమా?"

జరిపారు. నల్లరేగడిలో తిన్నగా, లోతుగా కోసిన కాలువ. ఇసుక లేదు, చేప లేదు, గట్టున ఒక్క తంగేడు లేదు. పాత వాగు ఎండిపోయింది, ఆ ఎండాకాలం మా బావి కూడా అడుగంటింది. అత్త మాత్రం ఆ కాలువ వైపు తొంగి కూడా చూడలేదు.

సద్దుల బతుకమ్మ నాడు అందరూ కాలువకే పోదామన్నారు. అత్త ససేమిరా అంది.

"గౌరమ్మను మురికి మోరీల ఏస్తనా? నేను నా వాగుకే పోత."

"నీళ్ళేవి అత్తమ్మా?"

"అస్తయి!"

నాకు నవ్వొచ్చింది. మా ఆయన నవ్వలేదు. గనిలో ఊరే నీటిని బయటికి తోడే పంపు మీద ఆయన డ్యూటీ. అన్నం సగంలోనే లేచి సైకిలెక్కాడు.

సాయంత్రం బతుకమ్మలు నెత్తిన పెట్టుకుని గట్టెక్కితే, పాత వాగులో నీళ్ళు! "అవ్వో!" అని ఆడవాళ్ళంతా నోళ్ళు నొక్కుకున్నారు. అత్త ముఖం చూడాలి అప్పుడు!

"సూసిండ్లా? యాడికి వోతదే నా వాగు!"

పాటలే పాటలు. అత్త మోకాలి లోతుకు దిగి బతుకమ్మను వదిలితే అది ఊగుతూ కదిలింది. నీళ్ళు నల్లగా ఉన్నాయి, గ్రీజు వాసన వేస్తున్నాయి. నాకు విషయం అర్థమైంది. ఆ పూట మా ఆయన మీద పుట్టినంత ప్రేమ నాకు పెళ్ళిపీటల మీద కూడా పుట్టలేదు.

రొట్టె, బెల్లం కలిపిన మలీద పంచుకుంటుండగా గని సైరన్ మోగింది. షిఫ్టు మారింది. కాసేపటికి నీళ్ళు పలచబడి, చూస్తుండగానే బురద తేలింది. బతుకమ్మలన్నీ ఒక పక్కకు ఒరిగి అందులో కూలబడ్డాయి. పాట ఆగిపోయింది.

గట్టు మీదికి మా ఆయన సైకిలు తోసుకుంటూ వచ్చాడు. మోచేతులదాకా గ్రీజు. అత్త ఆ చేతులు చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది నాకు.

"డ్యూటీ అయిపోయిందా బిడ్డా?"

"అయిపోయిందే అవ్వా."

ఆమె బురదలోకి దిగి తన బతుకమ్మను రెండు చేతులా ఎత్తి, మళ్ళీ నెత్తిన పెట్టుకుంది. నల్లనీళ్ళు చెంపల మీదుగా కారుతున్నాయి.

"నడువుండ్రి," అంది. "ఆ కాలువ యాడుందో సూపియ్యుండ్రి."