మోకాళ్ళ మీదే చూపు

మా పీఈటీ మేడమ్ బాస్కెట్‌బాల్ ఆటలో బంతిని చూడగా నేనెప్పుడూ చూడలేదు. నర్సీపట్నంలో మా స్కూలు గ్రౌండులో మేం ఎగిరి దిగినప్పుడల్లా ఆవిడ కళ్ళు మా మోకాళ్ళ మీదే ఉండేవి. "బంతి ఎటెళ్తే నాకేటి? మోకాళ్ళెటెళ్ళాయో అది సెప్పు" అనేవారు.

నావి లోపలికే వెళ్ళేవి. దిగిన ప్రతిసారీ రెండూ ఒకదానికొకటి రాసుకునేవి. అందుకని రెండు నెలలు నాకు బంతే ఇవ్వలేదు. మోకాళ్ళ పైన పాత సైకిల్ ట్యూబు ముక్క కట్టి, అది వదులవకుండా మోకాళ్ళను బయటికి నెడుతూ కూర్చుని లేవమనేవారు. జిల్లా సెలక్షన్లు దగ్గర పడుతున్నాయి. ఒకరోజు ఒళ్ళు మండి ట్యూబు విసిరికొట్టాను.

మేడమ్ గ్రౌండు పక్కనున్న స్టేజీ మీద కూర్చుని ఉన్నారు. ఆ ట్యూబు తీయడానికి తనే మెట్లు దిగారు. ఎప్పటిలాగే పక్కకి తిరిగి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగారు. ఆ నడకని వెనకాల అనుకరించి నవ్వుకునేవాళ్ళం మేము.

"నీ వయసులో నాకెవరూ సెప్పలేదమ్మా. బేగి కట్టుకో" అన్నారు.

ఆ రోజు నుంచి ట్యూబు నేనే కట్టుకున్నాను. పొద్దున్న పళ్ళు తోముకుంటూ, సాయంత్రం ఇంటికెళ్ళే కృష్ణదేవిపేట ఆటో నిండేలోపు, కూర్చుని లేస్తూనే ఉన్నాను.

సెలక్షన్ల రోజు బోర్డుకి తగిలి వచ్చిన బంతి కోసం ఎగిరాను. అది నా వేళ్ళ మీంచి జారి అవతలి జట్టు చేతుల్లో పడింది. నేను మాత్రం రెండు కాళ్ళ మీదా తిన్నగా దిగాను. మా జట్టువాళ్ళంతా తలలు పట్టుకున్నారు. గ్రౌండు మొత్తానికి చప్పట్లు కొట్టింది మా మేడమ్ ఒక్కరే.