మా బావ మాటలతో నవ్వించిన రోజులు

మొన్న సీతమ్మధారలో కంటి డాక్టరు దగ్గర రెండు కళ్లలోనూ చుక్కల మందు వేయించుకుని, కళ్లు మూసుకుని బయట కుర్చీలో కూర్చున్నాను. పక్కనున్నాయన ఫోనులో ఏదో చూస్తున్నాడు. శబ్దం బాగా పెంచి పెట్టాడు కాబట్టి నాకు బొమ్మ అక్కర్లేకపోయింది. కూతురికి బడిలో సీటు కోసం ఒక తండ్రి ఇంటర్వ్యూకి వెళతాడు, మీరేం పని చేస్తారని అక్కడి మేడమ్ అడుగుతుంది, అతను చెబుతాడు, వెనక రికార్డు చేసిపెట్టిన నవ్వు గొల్లుమంటుంది, ఆమె మళ్లీ చెప్పమంటుంది, నవ్వు రెట్టింపవుతుంది. ఎన్నిసార్లు చూసినా నవ్వాగదు సుమా అని ఆయన పక్కావిడతో అన్నాడు. అది రాసింది నేనేనని చెప్పాలనే పాత అలవాటు ఒకటి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. కంటి మందు కదా, నీళ్లు కారుతున్నా ఎవరూ ఏమీ అడగలేదు.

టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక ఇంట్లో పెట్టె ఉంటే నాలుగిళ్ల వాళ్లు చాపలు వేసుకుని చూసేవారు, నా వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. నేనప్పుడు పోర్టులో గుమాస్తాని. పాతపట్నంలో మా ఇల్లు, వీధి చివర మా చర్చి. ప్రతి క్రిస్మస్‌కీ చర్చిలో వేసే నాటికలో గొర్రెల కాపరులు "ఓ సహోదరుడా, ఆ నక్షత్రమును గాంచితివా" అని మాట్లాడేవారు. ఒక ఏడు ఆ నాటిక రాసే పని నా మీద పడింది. చలిలో గొర్రెలు కాసేవాళ్లు అలా ఎందుకు మాట్లాడతారనిపించి, వాళ్ల చేత మా వీధి మాటలే మాట్లాడించాను. పెద్ద కాపరి వేషం మా బావకి ఇచ్చాను. బావంటే మా అక్క భర్త. పెళ్లయి అప్పటికి ఏడాదే. ఆయన నక్షత్రం వైపు చూసి, ఎవరో దీపం ఆర్పడం మర్చిపోయినారు అనేసరికి చర్చి అంతా నవ్వింది. పాస్టరుగారు నన్ను వేరుగా పిలిచి మందలించారు గానీ, మందలిస్తున్నంతసేపూ ఆయన పెదవుల మీద కూడా నవ్వు కదులుతూనే ఉంది.

మా బావ ఉక్కు కర్మాగారంలో క్రేన్ ఆపరేటరు, కాపురం కూర్మన్నపాలెంలో. ఎనిమిది గంటలూ నేలకి అంతెత్తున చిన్న గదిలో ఒక్కడే కూర్చుని ఇనుము ఎత్తడం, దించడం, పలకరించే మనిషి ఉండడు. అందుకే కాబోలు, కిందికి దిగాక ఆయన మాట ఆగేది కాదు. బస్సులో జరిగిందీ, రేషను షాపులో జరిగిందీ, మా అక్క కూరలో ఉప్పు మరిచిపోయిందీ, అన్నీ ఆయన నోట్లో కథలయ్యేవి. ఎవరినీ చిన్నబుచ్చేవాడు కాదు, చిన్నబుచ్చాల్సి వస్తే ఆ వేషం తనే కట్టేవాడు. నన్ను బావా అనే పిలిచేవాడు, మా వైపు మగవాళ్లందరూ ఒకరికొకరు బావలే కదా.

ఊళ్లో కేబుల్ వచ్చాక, పూర్ణా మార్కెట్ దగ్గర ఒక మేడ మీద గదిలో కెమెరా పెట్టుకుని స్థానిక కార్యక్రమాలు తీసేవాళ్లు మమ్మల్ని పిలిచారు. ఆదివారం అరగంట. రచన, నిర్మాణం నాది, మాట బావది. కింద రేకు పెట్టెలు చేసే సాయిబు దుకాణం ఉండేది. సుత్తి చప్పుడు మా రికార్డింగులో పడుతుందని ముందు భయపడ్డాం గానీ, సాయిబే పైకి వచ్చి, మీరు మొదలెట్టేముందు కబురు చెయ్యండి, అరగంట పని ఆపుతానన్నాడు. ఆపి ఊరుకోలేదు, పైకొచ్చి గుమ్మంలో కూర్చుని చూసేవాడు. ఆయన నవ్వాడంటే ఊరంతా నవ్వుతుందని మాకు లెక్క. నేను నాలుగు పేజీలు రాసుకుని వెళితే, బావ రెండు పేజీలు పక్కనపెట్టి, ఆ చోట తనకి తోచింది చెప్పేవాడు, అదే బాగుండేది. రచయితగా నాకు కాస్త చురుక్కుమనేది, ఒప్పుకుంటాను. మార్కెట్లో బెండకాయలమ్మే ఆవిడ ఆయన్ని గుర్తుపట్టి గుప్పెడు కొసరు వేసి, నిన్న మా ఆయన్ని చూసినట్టే ఉంది బాబూ అనేది. ఊరు నవ్వింది తనని చూసుకుని, తన ఇంట్లో కూర్చుని. అలాంటి నవ్వు ఇంకెక్కడా నాకు కనబడలేదు.

అలా నాలుగేళ్లు గడిచాక హైదరాబాదులో కొత్తగా పెట్టిన ఒక చానల్ వాళ్లు ఆ కార్యక్రమం చూసి నన్ను రమ్మన్నారు. వారం వారం వచ్చే కామెడీ సీరియల్, రాసేదీ నేనే, తీసేదీ నేనే. బావ పాత్ర కావాలి గానీ బావ అక్కర్లేదన్నారు. తెరకి తగిన నటుణ్ణి పెడతామన్నారు. ఈ మాట ఎలా చెప్పాలా అని వారం రోజులు తిరిగాను. బావ ఒక్క క్షణం కూడా నొచ్చుకోలేదు. నేను పోర్టు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి రైలెక్కిన రోజు, అక్క వేయించిన వంజరం చేప ముక్కల పొట్లం కిటికీలోంచి అందిస్తూ ఆయనన్న మాట ఇది.

"నువ్వెల్లు బావ. నాను కిరేను వొదిలీసి ఎక్కడికొత్తాను? నా మాట నీకొచ్చు కదేటి, అక్కడోల్లకి ఇనిపించు."

ఆ నటుడు మంచివాడే. ఎక్కడో దక్షిణాన పుట్టి పెరిగినవాడు, మా మాట వారం రోజుల్లో నా దగ్గరే నేర్చుకున్నాడు. నేర్చుకున్నది సరిగ్గా పలికితే చాలదని అతనికి అనిపించింది. సాగదీసి, ముక్కులోంచి తెచ్చి, కళ్లు తిప్పి అనేవాడు. మొదటి నెలంతా నేను అడ్డుపడ్డాను, మా వాళ్లు అలా అనరు బాబూ అని. తర్వాత సెట్లో వాళ్లు అతను సరిగ్గా అన్నప్పుడు ఊరుకుని, వంకరగా అన్నప్పుడు నవ్వడం చూశాను. అడ్డుపడడం మానేశాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, నాకు నేనే మానేశాను.

సీరియల్ ఆడింది. వీధిలో జనం గుర్తుపట్టకపోయినా, సినిమా వాళ్లు గుర్తుపట్టి పలకరించేవారు. కూర్మన్నపాలెంలో మా బావ ఇంట్లో వారం వారం పండగేనట. చుట్టుపక్కల వాళ్లందరినీ పిలిచి, మా బావ రాసింది అని నా పేరు చెప్పి చూపించేవాడట. ఆ నటుడి పలుకు గురించి ఆయన నాతో ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఒక్కసారి మాత్రం, కుర్రోడు కష్టపడతన్నాడు పాపం అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాను.

ఆ రోజుల్లోనే సెలవు మీద ఊరు వచ్చినప్పుడు ఆయన నన్ను బీచికి తీసుకెళ్లాడు. కూతురికి ఒక పేరున్న ఇంగ్లీషు బడిలో సీటు కోసం తనూ పాపా వెళ్లారట. అక్కడ తల్లిదండ్రుల్ని కూడా ప్రశ్నలడుగుతారట. బావ వారం రోజులు అద్దం ముందు నాలుగు ఇంగ్లీషు వాక్యాలు బట్టీపట్టాడు. తీరా వెళ్లాక అవతలావిడ తెలుగులోనే అడిగింది, మీరేం చేస్తారని. నాను కిరేను నడుపుతన్నానండి అన్నాడీయన. బల్లవతల ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మళ్లీ చెప్పమన్నారు. వినబడలేదనుకుని ఇంకాస్త గట్టిగా చెప్పాడు. ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్కన కూర్చున్న ఆరేళ్ల పిల్ల వాళ్ల మొహాలూ, తండ్రి మొహమూ మార్చి మార్చి చూసింది. ఊరినంతా నవ్వించిన మనిషి ఇసకలో కూర్చుని, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"నానేటి తప్పు మాటాడినాను బావ? నా మాట నాను మాటాడినాను. పాప సూత్తంది కదా, అదీ."

ఇది నాకు తప్ప ఎవరికీ చెప్పలేదన్నాడు, అక్కకి కూడా.

మూడో ఏడు సీరియల్‌కి చూసేవాళ్లు తగ్గారు. రెండు వారాల్లో ఏదైనా గట్టిగా పేలకపోతే ఆపేస్తామని చానల్లో కార్యక్రమాల పెద్ద చెప్పాడు. నా చేతిలో ఇంకేమీ లేదు. కాగితం ముందు కూర్చుంటే ఆ బడే వచ్చింది. మొదట నేను రాసిన దాంట్లో నవ్వు ఆ ఇద్దరు మేడమ్‌ల మీద పడుతుంది. మా వాడు వాళ్లకి తెలియకుండానే వాళ్ల గాలి తీసేసి, పిల్ల చెయ్యి పట్టుకుని బయటికొస్తాడు. అలా రాస్తే బావకి న్యాయం చేసినట్టేనని నాకు నేను చెప్పుకున్నాను. పెద్దాయన చదివి, బాగుంది గానీ నవ్వు తిరగబడిందయ్యా, చూసేవాడు మేడమ్ వైపు ఉంటాడు, వీడి వైపు ఉండడు, తిప్పు అన్నాడు. అక్కడే, ఆయన బల్ల మీదే, ఆయన పెన్నుతోనే తిప్పాను. పావుగంట పట్టిందేమో. వినబడలేదనుకుని గట్టిగా చెప్పడం, ఆ మాటని ఆమె మళ్లీ మళ్లీ చెప్పించుకుని ఆనందించడం, పిల్ల తండ్రి వెనక దాక్కోవడం. పిల్ల దాక్కోవడం నిజంగా జరగలేదు, అది నా కల్పన. సెట్లో అందరికంటే ఎక్కువ నవ్వు తెచ్చింది ఆ ముక్కే.

అది పేలింది. సీరియల్ ఇంకో రెండేళ్లు నడిచింది. నాకు సన్మానం కూడా జరిగింది.

ఆ వారం కూడా బావ ఎప్పటిలాగే అందరినీ పిలిచాడట. మధ్యలో లేవలేదట, టీవీ కట్టెయ్యలేదట, చివరిదాకా చూసి, వచ్చినవాళ్లకి టీ ఇవ్వమని అక్కకి చెప్పాడట. తర్వాత వారం నుంచి పాపని బడిలో పిల్లలు కిరేను అనే ఆ మాటతోనే పిలిచారు. అప్పటికి దాన్ని ఇంకో బడిలో వేశారు, అయినా టీవీ అన్ని బళ్ల పిల్లలూ చూస్తారు కదా.

నాకివేవీ తెలియవు. నెల తర్వాత స్వీట్లు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. బావ గుమ్మంలోకి వచ్చి, రండి, కూర్చోండి, ప్రయాణం బాగా జరిగిందా అన్నాడు. వార్తలు చదివేవాళ్లలా, ప్రతి అక్షరం విడివిడిగా. కొత్త వేషం కడుతున్నాడనుకుని నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. మంచినీళ్లు తీసుకుంటారా అన్నాడు. నా నవ్వు ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు. వంటింట్లోకి వెళితే అక్క నా వైపు తిరక్కుండానే అంది.

"పాప నాన్న ఎనకాల దాక్కోలేదురా. ఆయన సెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చిందే అది. ఇప్పుడు పాపే సెప్పింది నాకు. నువ్వలాగ రాసీసినావు."

క్షమించమని ఆ రోజే అడిగాను. తర్వాత చాలాసార్లు అడిగాను. పర్వాలేదండీ, మీ వృత్తి కదా అనేవాడు. కోపం లేదు, తలుపు వెయ్యలేదు, పెళ్లిళ్లకీ చావులకీ పక్కనే కూర్చునేవాడు. ఇరవై ఏళ్లకి పైగా నాతో ఆయన ఒక్క మాటైనా తన మాటలో మాట్లాడలేదు. నాకెదురుగా ఉన్నంతసేపూ ఆయన మాటలు ఇస్త్రీ చేసిన బట్టల్లా ఉండేవి. ఎంత సాధన చేశాడో ఆ భాష, అద్దం ముందు, నా ఒక్కడి కోసం.

నా సంగతి చెప్పాలంటే పెద్దగా ఏం లేదు. ఆ తర్వాత ఇంకో రెండు సీరియళ్లు తీశాను, రెండిట్లోనూ మా ఊరి మాట మాట్లాడేవాడు ఉండేవాడు, ఒకదాంట్లో దొంగ, ఒకదాంట్లో పనివాడు. ఆ తర్వాత ఒకరినొకరు తిట్టుకుని నవ్వించే కార్యక్రమాలు వచ్చాయి, వాటికి రాసేవాడితో పనిలేకపోయింది. ఒకరోజు నా గది ఇంకెవరికో ఇచ్చారు. ఊరికి వచ్చేశాను. నన్ను తరిమేశారని చాలాకాలం అందరితో చెప్పుకున్నాను గానీ, నేను నేర్పిన పనినే వాళ్లు నాకంటే బాగా చేశారు, అంతే.

బావ కిందటేడు పోయాడు. ఊపిరితిత్తులు. ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్లిన రోజు, గది బయటే ఆయన గొంతు వినబడింది. నర్సమ్మతో ఏదో చెబుతున్నాడు, ఏటమ్మా ఆ సూదికీ నాకూ ఏదో పగున్నట్టుంది అని, ఆ పిల్ల నవ్వుతోంది. నేను తలుపు పక్కన నిలబడిపోయాను. లోపలికి వెళితే ఆగిపోతుందని తెలుసు. ఎంతసేపని నిలబడతాను, ఎవరో వస్తూ తలుపు తెరిచారు. బావ నన్ను చూసి, ఆయాసపడుతూనే, దయచేయండి అన్నాడు.

ఆయన పోయిన రెండు నెలలకి మేనకోడలు ఫోన్ చేసింది. దానికిప్పుడు ఇద్దరు పిల్లలు. మామయ్యా, నాన్న మాట్లాడినవి నీ దగ్గర పాత కేబుల్ టేపులేమైనా ఉన్నాయా, పిల్లలకి వినిపిద్దామని అంది. లేవు. ఆ రోజుల్లో ఒక వారం టేపు మీదే ఇంకో వారం తీసేవాళ్లం, ఆఖరికి మిగిలిన ఒకటి రెండు కూడా మా ఇంట్లో సముద్రపు గాలికి బూజుపట్టి పోయాయి. లేవని చెప్పి ఊరుకోలేక, ఉండమ్మా, నాన్న ఎలా అనేవాడో నేను అని చూపిస్తానన్నాను. రైలు కిటికీ దగ్గర ఆయనన్న మాటలే మొదలుపెట్టాను. నా నోట్లోంచి వచ్చింది బావ కాదు. సాగదీసి, ముక్కులోంచి, ఆ నటుడు వచ్చాడు. ఇంకోసారి ప్రయత్నించాను. మళ్లీ వాడే.

"వద్దులే మామయ్యా," అని అది ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు ఊరు పెరిగింది, ఎక్కడెక్కడి వాళ్లో వచ్చారు, మా వాళ్ల పిల్లలు ఉద్యోగాలకి వెళుతూ తమ పలుకు ఇంట్లోనే వదిలి వెళుతున్నారు. వాళ్లని తప్పుపట్టను, నవ్వుతారని వాళ్లకి నేర్పినవాళ్లలో నేనొకణ్ణి. ఆ మాట మాట్లాడేవాళ్లు ఇంకా లేకపోలేదు. రేవు దగ్గరికి వెళితే చెవుల నిండా వినబడుతుంది. కిందటి ఆదివారం ప్రార్థన అయ్యాక అక్కడికి వెళ్లి చాలాసేపు నిలబడ్డాను. చేపలమ్మే ముసలావిడ నాకు బేరం చెబుతూ, పక్కావిడతో మాట్లాడిన మాట మానేసి, పుస్తకంలో మాటలా సర్దుకుని, మీది ఏ ఊరు బాబూ అని అడిగింది. ఈ ఊరేనమ్మా అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి నవ్వింది, నమ్మలేదు.